మొదటి గడిని చదివేవారేరీ?

(ఖజానా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక అధికారి, శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థుల సభలో 2025 మార్చిలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. చివరి వరుసలో కూర్చున్న నా పాత సహోద్యోగులకు ఇంకో నమస్కారం. నేను లెక్క తప్పితే ముందుగా లేచి నిలబడేది వాళ్ళే.

మీ అందరికీ ఒక జిరాక్సు కాగితం ఇచ్చాను. అది కేంద్ర బడ్జెట్ పత్రాల్లోది. అందులో ప్రతి పథకం పేరుకీ ఎదురుగా నాలుగు నిలువు గళ్ళు ఉన్నాయి చూడండి. మొదటిది 2023-24 వాస్తవ లెక్కలు, అంటే నిజంగా ఎంత ఖర్చయిందో అది. రెండోది 2024-25 బడ్జెట్ అంచనా. మూడోది అదే సంవత్సరానికి సవరించిన అంచనా. నాలుగోది రాబోయే 2025-26 బడ్జెట్ అంచనా. ఫిబ్రవరి 1న టీవీ వాళ్ళు గొంతు చించుకుని చెప్పేది ఈ నాలుగో గడి గురించే. మర్నాడు పత్రికల మొదటి పేజీ నిండా అదే. జరిగినదాన్ని చెప్పే మొదటి గడిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు ఒక అడ్డు వరుస చదువుదాం. జల్ జీవన్ మిషన్. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే పథకం, 2019 ఆగస్టు 15న ప్రకటించారు. ఉద్దానం పక్కన ఉన్న మనకి తాగునీరంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళ బంధువులు ఈ సభలో కూడా ఉండి ఉంటారు. ఈ పథకానికి 2024-25 బడ్జెట్‌లో 70,163 కోట్లు రాశారు. అదే సంవత్సరం సవరించిన అంచనా ఎంతో చూడండి. 22,694 కోట్లు. మూడో వంతు కూడా కాదు. పక్కనే 2025-26 గడిలో మళ్ళీ 67,000 కోట్లు. పథకం గడువును 2028 వరకు పొడిగిస్తున్నామని బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. 70 వేల కోట్లు 22 వేల కోట్లు ఎందుకైందో, ఈసారి 67 వేలు ఎలా ఖర్చవుతుందో ఈ కాగితంలో ఎక్కడా లేదు. అది అడగవలసిన చోట అడిగే ఏర్పాటు మన దగ్గర బలహీనంగా ఉంది. సంస్కరణ అంటే ముందు ఆ ఏర్పాటును సరిచేయడమని నా వాదన.

ఇంకో వరుస. మూలధన వ్యయం, అంటే రోడ్లు, రైలు మార్గాలు, వంతెనలు వగైరా. 2023-24లో నిజంగా పెట్టింది 9.49 లక్షల కోట్లు. 2024-25కి అనుకున్నది 11.11, సవరించాక 10.18, ఈసారి 11.21. సవరించిన అంకెతో పోల్చి చూస్తే పది శాతం పెరిగింది. నిరుడు ఇచ్చిన మాటతో పోల్చి చూస్తే ఒక్క శాతం పెరిగింది. రెండూ నిజమే. మీ టీవీ ఏది చెబుతుందన్నది ఆ టీవీ ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. (నవ్వులు)

మా నాన్నగారు మా పెద్దక్క పెళ్ళికి ముందు ఒక నోటుబుక్కులో అంచనా రాశారు. పందిరి ఇంత, వంటవాళ్ళకి ఇంత, సన్నాయి మేళానికి ఇంత అని. పెళ్ళి అయ్యాక, అప్పగింతలు అయిపోయి ఇల్లంతా బోసిపోయిన మూడో రోజున, అదే నోటుబుక్కు తీసి ప్రతి అంకె పక్కనా నిజంగా అయిన ఖర్చు రాశారు. ఎనిమిదేళ్ళకి చిన్నక్క పెళ్ళి వచ్చినప్పుడు ఆయన మొదట తెరిచింది ఆ పాత నోటుబుక్కునే. మా మేనమామ 'పాత పద్దులెందుకు బావా, కొత్తగా రాద్దాం' అంటే, 'నువ్వు పెళ్ళి చేయిస్తావు, అప్పు నేను తీరుస్తాను' అన్నారు. బడ్జెట్ గురించి ఆ తరువాత నేను చదివిన చాలా పుస్తకాల్లో ఇంతకన్నా గొప్ప సంగతి నాకు కనబడలేదు.

మన దేశానికి మొదటి బడ్జెట్ పెట్టింది జేమ్స్ విల్సన్, 1860 ఏప్రిల్ 7న. అప్పటికి 1857 తిరుగుబాటు అణిచిన ఖర్చుతో ఖజానా కుంగిపోయి ఉంది. ఆయన అదే ఏడాది ఆగస్టులో పోయారు గానీ ఆయన వేసిన చట్రం మిగిలింది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా అన్న లెక్క 1867 నుంచి వచ్చింది. రాజ్యాంగం రాసుకున్నప్పుడు 112వ అధికరణంలో 'వార్షిక ఆర్థిక నివేదిక' అన్నాం. బడ్జెట్ అనే మాట రాజ్యాంగంలో లేదు, వెతకండి. వార్షికం అనే మాట ఉంది. ఏడాదికోసారి ప్రభుత్వం చట్టసభ ముందు చేయి చాచాలి. సభ ఇస్తేనే సంచిత నిధిలోంచి, అంటే ప్రభుత్వ ఆదాయమంతా జమయ్యే ఖాతాలోంచి, డబ్బు తీయాలి. ఇది చాలా పెద్ద ప్రజాస్వామిక రక్షణ, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఏడాది గీత దాటగానే మిగిలిన డబ్బు మురిగిపోతుంది. మురిగిపోవడం అనేది మా శాఖలో వాడే మాట. అది ఎలా ఉంటుందో చెప్పాలంటే మార్చి 31 రాత్రి గురించి చెప్పాలి.

నేను ఈ జిల్లాలోనే ఒక ఉప ఖజానాలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఏ ఊరో చెప్పను. మార్చి మొదటి వారం నుంచి బిల్లుల కట్టలు సంచుల్లో వచ్చేవి. ఆఖరి రోజున వరండాలో నిలబడే చోటుండేది కాదు. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నిద్రపోయిన పద్దులన్నీ ఆ రాత్రే లేచి కూర్చునేవి. గుమాస్తాలు, కాంట్రాక్టర్లు, వాళ్ళకి టీ తెచ్చే కుర్రవాళ్ళు, ఒకసారైతే ఎవరి తాలూకానో తెలియని మేక కూడా. ఒక ఏడాది రాత్రి పదకొండు దాటాక ఒక కార్యాలయం నుంచి బీరువాల బిల్లు వచ్చింది. నలభై బీరువాలు. ఆ కార్యాలయంలో ఉన్న గదులు మూడు. సంతకాలు సక్రమం, పద్దు సక్రమం, మంజూరు ఉత్తర్వు సక్రమం. నేను పాస్ చేశాను. ఆ బీరువాలు ఎక్కడ పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. నియమం ప్రకారం నేను చేసింది తప్పు కాదు, ఆ మాట నన్ను ఓదార్చదు.

బీరువాలు కూడా కొనలేనివాళ్ళు ఇంకో పని చేసేవారు. డబ్బును పీడీ ఖాతాలోకి, అంటే ఒక అధికారి పేరున ఖజానాలోనే ఉండే డిపాజిట్ ఖాతాలోకి, మార్చేసేవారు. ఖాతా మారగానే పుస్తకంలో 'ఖర్చయింది' అని పడుతుంది. డబ్బు మాత్రం అక్కడే కూర్చుని ఉంటుంది. ఇప్పుడు మీ కాగితంలో మొదటి గడిని మళ్ళీ చూడండి. వాస్తవ లెక్కలు అన్నాను కదా. ఆ వాస్తవంలో ఎంత వాస్తవమో ఆలోచించండి.

నేను చూసింది రాష్ట్ర ఖజానా. కేంద్రానికి 1976 నుంచి ప్రతి మంత్రిత్వ శాఖకీ సొంత చెల్లింపుల, లెక్కల వ్యవస్థ ఉంది. కానీ రోగం రెండు చోట్లా ఒకటే. ఆఖరి మూడు నెలల్లో 33 శాతానికి మించకూడదు, మార్చిలో 15 శాతానికి మించకూడదు అని కేంద్ర ఆర్థిక శాఖ తన శాఖలకి నియమం పెట్టుకోవలసి వచ్చింది. వరండా ఢిల్లీలోనూ ఉందన్నమాట, అక్కడ మేకలు ఉండకపోవచ్చు.

కేంద్ర పథకాల డబ్బు సంగతి ఇంకా విచిత్రంగా ఉండేది. ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి కింది ఖాతాలకి దిగుతూ, ఒక్కో మెట్టు మీదా నెలల తరబడి బ్యాంకుల్లో ఉండిపోయేది. ఢిల్లీ పుస్తకంలో అది పంపిన రోజునే ఖర్చు. ఇక్కడ ఊళ్ళో పైపు పడలేదు. అవతల కేంద్రం అదే డబ్బు కోసం వడ్డీకి అప్పు తెచ్చి ఉంటుంది. 2021లో, ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ సంస్థ, ఒకే ఖాతా ఉండాలన్నారు. తరువాత 'స్పర్శ్' అనే పద్ధతి తెచ్చారు. బిల్లు చెల్లించవలసిన వేళకే రిజర్వు బ్యాంకు నుంచి డబ్బు కదులుతుంది, మధ్యలో ఎక్కడా నిల్వ ఉండదు. ఈ సంస్కరణ మీద ఏ టీవీలోనూ చర్చ జరగలేదు. నా లెక్కలో మాత్రం గత పాతికేళ్ళలో వచ్చిన మంచి పనుల్లో ఇదొకటి. మొదటి గడిని నిజం చెప్పేలా చేసే పని కాబట్టి.

2017లో మూడు మార్పులు ఒకేసారి వచ్చాయి. బడ్జెట్ తేదీని ఫిబ్రవరి చివరి నుంచి ఒకటికి జరిపారు. ప్రణాళిక, ప్రణాళికేతర అన్న విభజన తీసేశారు. 1924 నుంచి విడిగా ఉన్న రైల్వే బడ్జెట్‌ను కలిపేశారు. మొదటిదాని వల్ల మనలాంటి వానల ప్రాంతానికి నిజమైన లాభం ఉంది. ఇదివరకు పద్దులన్నీ ఆమోదం పొందేసరికి మే నెల వచ్చేది. అప్పటిదాకా ఓట్ ఆన్ అకౌంట్ మీదే, అంటే కొన్ని నెలల ఖర్చుకి సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి మీదే, బండి నడిచేది. డబ్బు కింది దాకా చేరేసరికి తొలకరి. మట్టి పని చేయగలిగిన రోజులన్నీ అయిపోయేవి. ఇప్పుడు ఏప్రిల్ ఒకటికే పద్దు చేతిలో ఉంటుంది. రెండోదీ మంచిదే. కట్టడం ప్రణాళిక కింద, కట్టినదాన్ని కాపాడటం ప్రణాళికేతరం కింద ఉన్నంతకాలం కొత్త భవనాలకి డబ్బుండేది, కారే కప్పుకి ఉండేది కాదు. మూడోదాని మీద నాకు కొంచెం దిగులుంది. రైల్వేకి విడిగా ఒక రోజుండేది, ఎంపీలు తమ ఊరి లైను పేరెత్తడానికి ఒక వేళ ఉండేది.

లైను అంటే గుర్తొచ్చింది. నౌపడా నుంచి గుణుపూర్‌కి వెళ్ళే రైలు. పర్లాకిమిడి మహారాజావారు నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా వేయించిన చిన్న లైను 1900లో మొదలైంది. దాన్ని పెద్ద లైనుగా మార్చడానికి 2004లో చిన్న రైలును ఆపారు. మళ్ళీ రైలు తిరిగింది 2011లో. దూరం 90 కిలోమీటర్లు. టెక్కలి, పాతపట్నం వైపు పిల్లలు ఆ ఏడేళ్ళలో హైస్కూలు చదువు పూర్తి చేసేశారు. ఆలస్యానికి డబ్బొక్కటే కారణమని నేను అనను. కానీ పద్ధతి చూడండి. రైల్వే పింక్ బుక్‌లో ఒక్కో పనికి ఒక్కో ఏడాదికి ఇంత అని రాస్తారు. పని ఏడేళ్ళది, మాట ఏడాదిది. వచ్చే ఏడు ఎంత వస్తుందో ఇంజనీరుకి తెలియదు, కాంట్రాక్టరుకి తెలియదు. తెలియనివాడు ధర ఎక్కువ వేసుకుంటాడు, అది మానవ సహజం. విజయనగరం నుంచి టిట్లాగఢ్ దాకా మూడో లైను, 264 కిలోమీటర్ల పైచిలుకు, 2015లో మంజూరైంది. ఏటేటా ఎంత రాశారు, ఎంత వాడారు అన్నది పింక్ బుక్ తిరగేసి మీలో ఎవరైనా ప్రాజెక్టు పనిగా చేయండి. మీ మాస్టారు మార్కులు వేస్తారు.

మరి ఏడాది గీతను చెరిపేయాలా అని అడుగుతారు. చెరపకూడదు. సభ చేతిలో ఉన్న ఒకే ఒక్క తాళం అది. స్వీడన్ వాళ్ళు 1990ల మొదట్లో గట్టిగా దెబ్బతిన్నారు. బ్యాంకులు కుప్పకూలాయి, లోటు పెరిగిపోయింది. అప్పుడు వాళ్ళు బడ్జెట్ చేసే క్రమాన్నే తిరగేశారు. ముందు మొత్తం ఖర్చుకి మూడేళ్ళ పాటు పైగీత గీస్తారు. పార్లమెంటు ఆ గీతకి ఒప్పుకున్నాక దాన్ని 27 రంగాలకి పంచుతారు. ఒక రంగం లోపల ఒక పద్దు పెంచాలంటే అదే రంగంలో ఇంకోటి తగ్గించి చూపించాలి. మా నాన్నగారి పద్ధతే అది. ముందు పెళ్ళికి ఇంత అనుకుని, తరువాత పిలుపుల జాబితా రాసేవారు. మన ఇళ్ళలో ఎక్కువగా జాబితా ముందు రాసి, మొత్తం చూసి గుండె పట్టుకుంటాం.

మన దగ్గర కాగితం లేకపోలేదు. 2003లో ద్రవ్య బాధ్యత చట్టం చేశాం. లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదన్నాం. 2012లో దానికి మూడేళ్ళ ఖర్చుల ముందుచూపు పత్రాన్ని కూడా జోడించాం. 2020-21లో కోవిడ్ వచ్చి లోటు 9 శాతం దాటింది, అది అర్థం చేసుకోదగినదే. కానీ కోవిడ్‌కి ముందు కూడా 3 అన్న గీతని వాయిదా వేస్తూనే వచ్చాం. ఈసారి అంచనా 4.4. మూడేళ్ళ పత్రంలో రాసిన అంకెకి ఎవరూ కట్టుబడరు, తప్పితే అడిగేవారూ లేరు. 50.65 లక్షల కోట్ల మొత్తం బడ్జెట్‌లో 12.76 లక్షల కోట్లు పాత అప్పుల మీద వడ్డీకే. రూపాయిలో పావలా. ఆ పావలా మీద ఏ మంత్రికీ పెత్తనం లేదు.

ఇక సభ సంగతి. లోక్‌సభ ముందుకి వచ్చే పద్దులు, అంటే శాఖలు మాకింత కావాలని పెట్టే కోరికలు, దాదాపు నూరు. అందులో పూర్తి చర్చ జరిగేవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆఖరి రోజు సాయంత్రం మిగిలినవన్నీ కట్టగట్టి ఓటుకు పెడతారు. దానికి పేరు గిలెటిన్. ఫ్రాన్సులో తలలు నరికిన యంత్రం పేరు. పేరు పెట్టినవాడెవరో గానీ నిజాయితీపరుడు. 2018 మార్చిలో అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండానే, దాదాపు అరగంటలో, అలా వెళ్ళిపోయాయి. ఆ ఏటి బడ్జెట్ 24.42 లక్షల కోట్లు. సభ జరగనివ్వనివారిదెంత తప్పో, జరగకపోతే హాయిగా ఉందనుకున్నవారిదీ అంతే తప్పు. 113వ అధికరణం ప్రకారం సభ ఒక పద్దును తగ్గించగలదు, తిరస్కరించగలదు, పెంచలేదు. కోత తీర్మానంలో పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటే ఆ విధానమే నచ్చలేదని అర్థం. ఎంత చక్కటి ఆయుధమో. తుప్పు పట్టింది.

(ఒక విద్యార్థిని: సార్, మరి కాగ్ ఉంది కదా?)

ఉంది తల్లీ, మంచి ప్రశ్న. కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే అధికారి, నివేదిక ఇస్తారు, దాన్ని పార్లమెంటు సభ్యుల ప్రజా పద్దుల సంఘం చదువుతుంది. ఆ సంఘం 1921 నుంచి ఉంది. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడికి అధ్యక్షత ఇవ్వడం ఆనవాయితీ. అందులో చాలా మంచి పని జరిగింది, జరుగుతోంది. కానీ కాలం చూడు. ఖర్చయింది ఒక ఏడాది. లెక్క తేలేసరికి ఇంకో ఏడాది. నివేదిక సభకి వచ్చి, సంఘం చదివి, శాఖ జవాబు రాసేసరికి ఆ బీరువాలు తుప్పు పట్టి వేలానికి వెళ్ళిపోతాయి, సంతకం పెట్టినవాడు నాలాగా పింఛను తీసుకుంటూ ఉపన్యాసాలిస్తుంటాడు. (నవ్వులు) అందుకే నా కోరిక చిన్నది. నాలుగో గడిని ఆమోదించే ముందు సభ మొదటి గడి మీద ఒక రోజు కూర్చోవాలి. ప్రతి మంత్రీ లేచి, ముందు ఇంత అన్నాం, ఇంత అయింది, ఇందుకు అయింది అని చెప్పాలి. ఆ తరువాతే చేయి చాచాలి.

పెట్టిన డబ్బుతో ఏం సాధించారో చెప్పే ఫలితాల బడ్జెట్ అని 2005లో తెచ్చారు కదా అని మా మిత్రుడు కనుసైగ చేస్తున్నారు. తెచ్చారు. అంతకుముందు 1986లో శూన్య ఆధారిత బడ్జెట్ అన్నారు, ప్రతి ఖర్చునీ ఏటా సున్నా నుంచి సమర్థించుకోవాలన్నారు. ఆ ఉత్తర్వులు దిగినప్పుడు మా కార్యాలయాల్లో ఏం జరిగిందో చెప్పనా? పాత ప్రతిపాదనకి కొత్త అట్ట వేశాం. అడిగేవాడు మారకుండా ఫారం మాత్రం మారితే అంతకన్నా జరగదు.

అడిగేవాడు అన్నాను కాబట్టి, అమెరికాలో 1974లో పార్లమెంటు తనకోసం ఒక బడ్జెట్ కార్యాలయం పెట్టుకుంది. బ్రిటన్ 2010లో స్వతంత్ర అంచనాల కార్యాలయం పెట్టింది. ప్రభుత్వం చెప్పే ఆదాయ అంచనా నిజంగా వచ్చేదేనా, ఈ పథకం అయిదో ఏట ఎంతవుతుంది అని ప్రభుత్వం చెప్పుచేతల్లో లేనివాళ్ళు లెక్క కట్టి బయట పెడతారు. మన దగ్గర ఇలాంటి ద్రవ్య మండలి కావాలని కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య పన్నుల వాటా తేల్చే ఆర్థిక సంఘాలు ఒకటికి రెండు సిఫార్సు చేశాయి. అందులో మన తెలుగువారు వై.వి. రెడ్డిగారి 14వ సంఘం ఒకటి. ద్రవ్య బాధ్యత చట్టాన్ని సమీక్షించిన ఎన్.కె. సింగ్ కమిటీ కూడా 2017లో అదే చెప్పింది. ఇంతవరకు రాలేదు. ఏ పార్టీ ప్రభుత్వమైనా తన లెక్కల మీద కావలివాడిని తానే పిలిచి కూర్చోబెట్టుకోవడానికి ఉత్సాహపడదు.

ఒక్క ఉదాహరణతో ముగిస్తాను, టైమైపోయిందని చీటీ వచ్చింది. మన తపాలా కార్యాలయాల్లో దాచుకున్న డబ్బు జాతీయ చిన్న మొత్తాల నిధికి వెళుతుంది. పాలకొండలో ఒక పింఛనుదారు కట్టిన డబ్బు కూడా అక్కడికే. కొన్నేళ్ళపాటు కేంద్రం ఆహార సబ్సిడీకి బడ్జెట్‌లో ఇవ్వవలసినదాన్ని తక్కువ రాసి, మిగతాదానికి భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) చేత ఆ నిధి నుంచి అప్పు తెప్పించింది. బియ్యం ఇచ్చారు, ఖర్చయింది, కానీ లోటులో కనబడలేదు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ పద్ధతి మానేస్తున్నామని చెప్పి, అప్పు తీర్చేశారు. 2020-21కి మొదట 1.15 లక్షల కోట్లు రాసిన ఆహార సబ్సిడీ, వాస్తవ లెక్కలు వచ్చేసరికి 5.41 లక్షల కోట్లు దాటింది. కోవిడ్ ఉచిత బియ్యం కొంత, పాత అప్పు చాలా. దాచిపెట్టిందీ ప్రభుత్వమే, బయట పెట్టిందీ ప్రభుత్వమే. రెండోదానికి మెచ్చుకుంటాను. కానీ మధ్యలో ఎన్ని బడ్జెట్ల లోటు అంకెలు మనం నమ్మి చదివాం?

(ఒక శ్రోత: నేను తపాలా శాఖలో పనిచేశానండి. మరి ఆ డబ్బుకి భయం లేదా?)

మీ డబ్బుకి భయం లేదు మాస్టారూ, ప్రభుత్వ హామీ ఉంది, వడ్డీ సక్రమంగా వస్తుంది. నేను అడిగింది మీ పాస్‌బుక్ గురించి కాదు, వాళ్ళ పాస్‌బుక్ గురించి.

ఆ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చే ఫిబ్రవరిలో కొత్త పత్రం వస్తుంది, ఇంటర్నెట్‌లో ఉచితమే. ఈ కాగితంలో రెండో గడిగా ఉన్న 2024-25 అందులో మొదటి గడిలోకి జరుగుతుంది. జల్ జీవన్ వరుస తీసి, 70,163 పక్కన ఆ అంకె పెన్సిలుతో రాసి, నాకు ఒక కార్డు ముక్క రాయండి.